బెంచీ అద్దె: కర్నూలు నుంచి కడపకు సైకిల్ మీద ఐదు రోజులు

మొదటి రోజు: కర్నూలు, ఊరు దాటకుండానే

సంక్రాంతికి ఇంకా పది రోజులుందనగా మా అన్న కూతురు ఫోన్ చేసి "చిన్నాయనా, నీ సైకిల్ ఉందా, పాత సామాన్ల వానికి వేసేసినావా?" అని అడిగింది. ఉంది. మిద్దె మీద టార్పాలిన్ కింద ఆరేళ్ళుగా పడుంది. ఆ పిల్ల సివిల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. క్లాసులో అందరూ రోడ్లు కార్లకు సరిపోతున్నాయా లేదా అని లెక్కలు కడుతుంటే, తను మాత్రం నడిచేవాళ్ళకూ సైకిల్ తొక్కేవాళ్ళకూ సరిపోతున్నాయా అని చూస్తానందట. కర్నూలు నుంచి కడపకు పోదాం, కర్నూలు-కడప కాలవ, అదే కేసీ కాలవ, మనకు తోడుంటుంది అంది. ఇంట్లో అందరికీ టెన్షన్. మా వదినకైతే పిల్ల లారీ కింద పడుతుందన్న భయం కన్నా, నలభై ఎనిమిదేళ్ళ మరిది దారిలో గుండె పట్టుకుని కూర్చుంటే పిల్ల ఒక్కతే ఏం చేస్తుందన్న భయం ఎక్కువ. చివరికి రోజూ రాత్రి ఫోన్ చెయ్యాలన్న షరతు మీద ఒప్పుకుంది.

మొదటి రోజు తొక్కింది తక్కువ, తోసుకుంటూ నడిచింది ఎక్కువ. రాజ్‌విహార్ సెంటర్ దగ్గర మొదలుపెట్టి కొండారెడ్డి బురుజు వైపు పోతున్నాం. నడిమధ్యలో ఆ పిల్ల ఆగి, నా సైకిల్‌ని ఫుట్‌పాత్‌కి అడ్డంగా పడుకోబెట్టింది. ఎందుకంటే నా పాత సైకిల్ పొడవు ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా ఒక మీటరు ఎనభై చిల్లర, పొద్దున్నే టేపుతో కొలిచింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళ 103వ నంబరు మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్‌లో నడవడానికి ఏ అడ్డమూ లేకుండా వదలాల్సిన వెడల్పు కనీసం 1.8 మీటర్లు, ఎత్తు 2.2 మీటర్లు. అంటే సైకిల్ అడ్డంగా పడుకుంటే పాస్, ఏదన్నా తగిలితే ఫెయిల్. టేపు పట్టుకుని తిరిగితే జనం మూగుతారు, సైకిల్ అయితే ఎవరూ పట్టించుకోరు అని తన లెక్క.

లెక్క తప్పింది. సైకిల్ పడుకోబెట్టిన రెండో నిమిషంలో ఎదురుగా ఉన్న ప్లాస్టిక్ సామాన్ల అంగడాయన పరుగున వచ్చి, బయట పేర్చిన బకెట్లు, టబ్బులు, చీపుర్ల కట్ట లోపలికి లాగడం మొదలుపెట్టాడు. పక్కనున్న చెప్పుల అంగడాయన అది చూసి తన స్టాండు లాక్కున్నాడు. ఆ పక్కన జిరాక్స్ షాపు బోర్డు కూడా పోయింది. మూడు నిమిషాల్లో, నేను ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడని ఫుట్‌పాత్ బయటపడింది. కింద మంచి రంగు పలకలు కూడా వేసున్నారు! "మేడమ్, కార్పొరేషనా?" అని అడిగాడు బకెట్లాయన. కాదన్నా, కాలేజీ, అంది. ఆయన ఒక్క క్షణం మా ఇద్దరినీ చూసి ఏమీ అనకుండా, ముందుకన్నా ఒక అడుగు ఎక్కువగానే బకెట్లు మళ్ళీ బయట పేర్చాడు.

తప్పు చిన్న అంగళ్ళ వాళ్ళదని రాసేస్తే సులభంగా ఉంటుంది, కానీ ఆ రోజు మేం రాసుకున్న వాటిలో సైకిల్‌కి తగిలినవి ఎక్కువగా వాళ్ళవి కావు. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్, పెద్ద షోరూమ్ జనరేటర్, ఫ్లెక్సీ కట్టిన ఇనుప ఫ్రేము, వరసగా నిలబెట్టిన బైకులు, ఒకచోట ఫుట్‌పాత్ నడుమ పోలీసు వాళ్ళ బ్యారికేడ్ల గుట్ట. తోపుడు బండి మీద జామకాయలమ్ముకునే ఆమెను మాత్రం రోజుకు రెండుసార్లు జరగమంటారట. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది, ఊరి కమిటీ కూర్చుని వాళ్ళకు చోటు చూపించాలి, చూపించకుండా ఖాళీ చేయించకూడదు అని అందులో ఉంది. ఆ ముక్క చెబితే ఆమె నవ్వి "చోటు చూపిస్తే నేనెందుకు తిరుగుతా నాయనా" అని ఒక జామకాయ ఎక్కువే వేసింది.

పాతబస్తీ తిరిగేసరికి కాళ్ళు పీకుతున్నాయి. కూర్చుందామని చూస్తే కూర్చునే చోటు లేదు. మేం నడిచిన దారిలో ఒక్క బెంచీ కనపడలేదు. ఒక బస్ షెల్టర్ ఉంది కానీ అందులో బైకులు పెట్టారు, బస్సేమో యాభై అడుగుల ముందర ఆగుతోంది. చివరికి టీ కొట్టు బెంచీ మీద కూలబడ్డాం. "నాకు టీ తాగాలని లేదు చిన్నాయనా, కూర్చోవాలని ఉంది, అంతే" అంది. అయితే ఈ ఇరవై రూపాయలు టీకి కాదు, బెంచీకి అద్దె అన్నాను ఊరికే. తను నోట్‌బుక్ తీసి ఒక పేజీ పైన నిజంగానే 'బెంచీ అద్దె' అని రాసి, కింద 20 వేసింది. ఐదు రోజులూ ఆ పేజీ నిండుతూ వచ్చింది.

సాయంత్రం వినాయక ఘాట్. నిమజ్జనం రోజు తప్ప మిగతా రోజుల్లో ఆ మెట్లను ఎవరూ తలచుకోరు కానీ, కర్నూల్లో డబ్బులివ్వకుండా నీళ్ళ పక్కన కూర్చోగలిగిన చోట్లలో అదొకటి. కేసీ కాలవ నిండుగా, చప్పుడు లేకుండా పోతోంది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరి, ఊళ్ళోకి వచ్చి, హంద్రీ నది పైనుంచి వంతెన లాంటి అక్విడెక్టు మీద దాటిపోయే కాలవ ఇది. కింద ఏరు, పైన కాలవ. చిన్నప్పుడు మాకిది పెద్ద వింత. 1863లో పని మొదలై 1870 ప్రాంతానికి పూర్తయింది. తవ్వించింది ప్రభుత్వం కూడా కాదు, మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ. సాగుకే కాదు, పడవలు తిరగడానికి కూడా అని కట్టారు. లాభం రాలేదు, 1882లో సర్కారు కొనుక్కుంది. అంటే ఇది మొదట్లో నీళ్ళ కాలవ ఎంతో, దారి కూడా అంతే.

రాత్రి మకాం బీ క్యాంపులో స్నేహితుడి ఇంట్లో. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు ఆఫీసులకు చోటు చాలక గుడారాలు వేశారు కదా, ఉద్యోగుల కోసం ఏ, బీ, సీ క్యాంపులు వచ్చింది అప్పుడే. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాద్‌కు పోయింది, క్యాంపు అన్న పేరు మాత్రం మిగిలిపోయింది. రాత్రి భోజనం చేసి నడుస్తుంటే ఒకటి గమనించాం. ఊళ్ళో జనం రోడ్డు మధ్యలో భయం లేకుండా, కబుర్లాడుకుంటూ నడుస్తున్నది ఇక్కడే, చెట్లున్నాయి, బండ్లు మెల్లగా పోతున్నాయి. మూడేళ్ళ రాజధాని కోసం వేసిన వీధులు డెబ్భై ఏళ్ళ తర్వాత కూడా నడవడానికి బాగున్నాయి మరి.

రెండో రోజు: కర్నూలు నుంచి నంద్యాల

ఐదున్నరకు లేచి, ఆరింటికి నంద్యాల చెక్‌పోస్ట్ దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జి. బొరుగులు నానబెట్టి పిండి తాలింపేస్తే ఉగ్గాని అవుతుందని అందరికీ తెలుసు, కానీ పుట్నాల పొడి ఎప్పుడు చల్లాలో తెలిసినవాళ్ళు కొందరే. ఇక్కడ అమ్మేవాడికి తెలుసు. రెండు ప్లేట్లు తిన్నాను, తర్వాత ఎత్తు ఎక్కేటప్పుడు దాని ఫలితం అనుభవించాను.

ఇక్కడ కాలవ మమ్మల్ని వదిలేసింది. నీళ్ళు ఎత్తు ఎక్కవు కాబట్టి అది నందికొట్కూరు వైపు చుట్టు తిరిగి, నేల వాలు ఎట్లా ఉంటే అట్లా వంకరలు పోతూ వస్తుంది. అందుకే కర్నూలు నుంచి కడపకు రోడ్డు రెండు వందల కిలోమీటర్ల చిల్లరైతే, కాలవ మూడు వందలు దాటుతుంది. మాది నలభయ్యో నంబరు హైవే. నాలుగు వరసలు, మధ్యలో గన్నేరు చెట్లు. తెల్ల గీతకు ఇవతల మిగిలిన రెండు మూడడుగుల అంచు మాది. అది కూడా మాదే కాదు, రాంగ్ రూట్లో ఎదురొచ్చే బైకులది, పాల క్యాన్ల వాళ్ళది, గొర్రెలది. ఆ గొర్రెల కాపరి చాలా మర్యాదస్తుడు, మమ్మల్ని చూసి మందంతా పక్కకు తోలాడు. ఆ పక్కనే పోయిన కార్లాయనెవరూ అంత చెయ్యలేదు.

"2022లో దేశంలో రోడ్డు మీద పోయినవాళ్ళు 1,68,491 మంది, అందులో 32,825 మంది ఊరికే నడిచిపోతున్నవాళ్ళు" అంది ఆ పిల్ల, లారీ ఒకటి మా చెవుల పక్కగా హారన్ కొట్టుకుంటూ పోయాక. ఇట్లాంటివి సైకిల్ తొక్కేటప్పుడు చెప్పొద్దమ్మా అన్నాను.

హుసేనాపురం దాటకముందే నా వెనక చక్రం మెత్తబడింది. పల్లేరుకాయ. రాయలసీమలో సైకిల్ తొక్కినవానికి దీన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. శనగ గింజంత ఉంటుంది, ఏ వైపు పడినా ఒక ముల్లు ఆకాశం చూస్తూనే ఉంటుంది. రెండు కిలోమీటర్లు తోసుకుంటూ పోతే వేపచెట్టు కింద పంచర్ అంగడి కనబడింది. అంగడంటే ఒక తడిక, పాత టైరు గుర్తుగా వేలాడదీసిన కొయ్య, నీళ్ళ తొట్టి. డెబ్భై దాటిన తాత. లారీ టైర్లు వేసే కొడుకు పక్కనే ఉన్నా, సైకిల్ అనగానే తాతే లేచాడు. టైరు విప్పి, ట్యూబ్ లాగి, గాలి కొట్టి తొట్టిలో కొంచెం కొంచెంగా తిప్పుతూ ముంచాడు. బుడగ వచ్చిన చోట అగ్గిపుల్ల గుచ్చి ఆపాడు. తుడిచి, ఆకురాయితో గరుకు చేసి, సొల్యూషన్ పూసి నోటితో ఊది, ముక్క అతికించి, చిన్న సుత్తితో చెక్క మీద పెట్టి తట్టాడు. అంతా అయ్యాక ట్యూబ్ ఎక్కించకుండా, కళ్ళు మూసుకుని టైరు లోపలంతా బొటనవేలితో మెల్లగా తడిమాడు. "ముల్లు తియ్యకుండా పంచరేస్తే పదడుగులకు మళ్ళా అయితాది సామీ" అని, నా కంటికి కనపడని ఒక ముక్క గోరుతో పీకి చూపించాడు.

ఒకప్పుడు ఆయన దగ్గర పన్నెండు అద్దె సైకిళ్ళుండేవట, గంటకు అర్ధరూపాయి. ఇప్పుడు రోజుకు రెండు మూడు సైకిళ్ళు వస్తే ఎక్కువ, అవీ బడి పిల్లలవి. "పెద్దోళ్ళెవరూ తొక్కరు. తొక్కితే, పాపం బండి కొనుక్కోలేడు అనుకుంటారు" అన్నాడు. మమ్మల్ని చూసి కూడా అదే అనుకున్నాడేమో, డబ్బులు తీసుకోవడానికి మొహమాటపడ్డాడు. ఆ నులక మంచం మీద ముప్పావు గంట కూర్చున్నాం, నోట్‌బుక్‌లో ఆ చోటుకు అద్దె: సున్నా.

తర్వాత వచ్చింది అసలు సమస్య. మగవాడిని కాబట్టి నాకు తట్టలేదు. నేను దారిలో రెండుసార్లు కంప చెట్ల చాటుకు పోయొచ్చాను, ఆ పిల్ల పొద్దుటి నుంచి నీళ్ళు తాగడమే మానేసింది. ఒక పెట్రోల్ బంకులో అడిగితే తాళంచెవి మేనేజర్ దగ్గరుంది, మేనేజర్ ఊళ్ళో లేడు అన్నారు. ఇంకో చోట తలుపు ఉంది, గొళ్ళెం లేదు, నన్ను బయట కాపలా పెట్టింది. చివరికి ఆదుకున్నది కాల్వబుగ్గ గుడి. రామేశ్వరస్వామి గుడి దగ్గర ఏడాది పొడుగునా నీళ్ళూరే బుగ్గ, కోనేరు, చెట్ల నీడ. అడిగేవాడు లేడు, కొనమనేవాడు లేడు. ఒక ముసలామె చిత్రాన్నం పొట్లం విప్పుకుని తింటూ, "యాడినుంచి వస్తాన్నారమ్మా, ఎండకు మొగం నల్లబడె" అని ఆ పిల్లకు కాస్త పెట్టింది కూడా. కోనేట్లో కాళ్ళు పెట్టి, రెండు సీసాలు నీళ్ళు తాగేసి, "ఇప్పుడు తాగొచ్చులే" అంది మా అమ్మాయి.

తమ్మరాజుపల్లె ఘాట్ దగ్గర దిగి తోశాం, సిగ్గేమీ లేదు. దిగేటప్పుడు మాత్రం బ్రేకులు కీచుమంటుంటే పాణ్యం దాకా గాలిలో వచ్చినట్టే వచ్చాం. డెబ్భై కిలోమీటర్ల పైచిలుకు. నంద్యాల చేరేసరికి దీపాలు పెట్టారు. లాడ్జిలో సైకిళ్ళు లోపల పెట్టనిచ్చేది లేదన్నారు, కార్లకైతే పార్కింగ్ ఉందట. చివరికి మెట్ల కింద, నీళ్ళ డబ్బాల పక్కన పెట్టించాం.

మూడో రోజు: నంద్యాల, ఆళ్ళగడ్డ

మోకాళ్ళు పట్టేశాయి కాబట్టి ఈ రోజు సగమే ప్రయాణం. పొద్దున చిన్నచెరువు కట్ట మీదికి పోయాం. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా అయ్యాక ఊరికి ఆఫీసులు, కార్లు బాగా పెరిగాయి. కానీ ఊరి ఊపిరి మాత్రం ఈ కట్ట మీదే ఉందనిపించింది. ఆరింటికే జనం. చెప్పుల్లేకుండా నడిచే రిటైర్డ్ మాస్టార్లు, షుగరొచ్చిందని డాక్టరు తరిమితే వచ్చిన నడివయసు వాళ్ళు, బురఖా కింద స్పోర్ట్స్ షూస్ వేసుకున్న ముగ్గురు స్నేహితురాళ్ళు. వాళ్ళతో మా అమ్మాయి మాట కలిపింది. ఆరు నుంచి ఏడున్నర దాకా వస్తారట, సాయంత్రం మాత్రం రారు. ఎందుకంటే సాయంత్రం వేరే గుంపు వస్తుంది, మేం నడిస్తే చూస్తూ కూర్చుంటారు అన్నారు. అంటే అదే కట్ట, పొద్దున ఒకరిది, సాయంత్రం ఇంకొకరిది. ఇది ఏ ప్లానులోనూ ఉండదు, ఆ పిల్ల నోట్‌బుక్‌లో రాసుకుంది.

ఊరు దాటాక కాలవ గట్టు ఎక్కాం. మట్టిదారి, ఒకవైపు నీళ్ళు, ఒకవైపు కోతకు వచ్చిన సోనా మసూరి. ఐదు రోజుల్లో లారీ హారన్ వినపడని రెండు గంటలివే. గేదెలు కడుగుతున్న పిల్లలు సైకిల్ వెంట పరుగెత్తారు. బట్టలుతుకుతున్నావిడ "గట్టెంబడి పోతే తొందరగా పోతారులే, రోడ్డు పోవాకండి" అని చెప్పింది, అది నిజం కాదు. గట్టు చోట్లచోట్ల తెగి, కంప మూసేసి, మూడుసార్లు సైకిళ్ళు భుజం మీద వేసుకున్నాం. అయినా ఆమె మీద నాకు కోపం లేదు. పడవలు తిరగడానికని తవ్విన కాలవ గట్టు శుభ్రం చేసి, కాస్త మొరం తోలితే చాలు, ఊరూరికీ నడిచే దారి, బడికి సైకిల్ దారి దొరుకుతుంది. కొత్తగా భూమి కొనక్కర్లేదు. ఇంత చిన్న సంగతి ఎవరికీ ఎందుకు తట్టదో నాకర్థం కాదు.

మళ్ళీ హైవే ఎక్కితే సర్వీస్ రోడ్డు సగం వడ్లతో నిండి ఉంది. కిలోమీటరు పొడవునా, పచ్చగా, ఎండలో. అంచుకు రాళ్ళు పెట్టారు బండ్లు ఎక్కకుండా. మా అమ్మాయికి ఇక్కడ కోపం వచ్చింది, సైకిల్‌కి మిగిలిన ఒక్క దారినీ ఆక్రమించారని. నేను వాదించాను. కళ్ళం ఉన్న ఇల్లెక్కడుంది ఇప్పుడు? ఒకప్పుడు ఊరుమ్మడి కళ్ళాలుండేవి, అవి ప్లాట్లయ్యాయి, రైతు ఎక్కడ ఆరబోసుకోవాలి? "అట్లైతే నేనెక్కడ తొక్కాలి?" అంది. ఇద్దరం గట్టిగానే అరుచుకుంటుంటే, కాళ్ళతో వడ్లు తిరగేస్తూ వస్తున్నావిడ ఆగి వింది. కాళ్ళతో అంటే అడుగులు ఎత్తకుండా, పాదాలు జార్చుకుంటూ నడుస్తుంది, వెనక రెండు సన్నని చాళ్ళు పడతాయి, అడుగునున్న తడి గింజ పైకి వస్తుంది. రోజుకు ఎన్నిసార్లు ఇట్లా తిరుగుతావమ్మా అంటే "ఎవురు లెక్కబెడతారు సామీ, పొద్దన్నించి నడుస్తానే ఉండా" అంది. మా పిల్ల చెప్పులిప్పి ఆమె పక్కన ఒక చాలు పూర్తిగా నడిచింది. వాదన మాత్రం ఒప్పుకోలేదు.

ఆళ్ళగడ్డలోకి అడుగుపెడుతుంటేనే ఉలి చప్పుడు. రోడ్డు పొడవునా రేకుల షెడ్లు, రాతి దుమ్ము, సగం చెక్కిన ఆంజనేయులు. ఒక శిల్పి షెడ్డు ముందర చెక్కకుండా వదిలేసిన రాతి దిమ్మ మీద కూర్చోమన్నాడు. "ఆర్డరిచ్చినోళ్ళు రాలేదు, రెండేండ్లాయె, అందరూ కూర్చునేదానికి పనికొస్తాంది" అన్నాడు. అద్దె సున్నా.

నాలుగో రోజు: మైదుకూరు దాకా

ఈ రోజు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఎదురుగాలి. చాగలమర్రి దాకా తల వంచుకుని తొక్కడం, దువ్వూరు దాకా తిట్టుకుంటూ తొక్కడం. రెండు కుక్కలు నన్ను తరిమాయి, ఆ పిల్లను తరమలేదు, అది ఎట్లా సాధ్యమో.

మధ్యలో ఒక ఊళ్ళో పీర్ల చావిడి ముందర ఆగాం. చావిడికి ఒక పక్క రచ్చకట్ట, చుట్టూ నాపరాయి బండలు పరిచిన అరుగు, పైన రావిచెట్టు. పదిమంది పెద్దాళ్ళు కూర్చుని ఉన్నారు, ఇద్దరు పులిజూదం ఆడుతున్నారు. కొత్తవాళ్ళను చూసి చోటిచ్చారు, నీళ్ళు తెప్పించారు. "యాడికి బోతాండావు అబ్బీ?" "కడపకు పెద్దాయనా." "సైకిల్ మిందనా? బస్సులు లేవా?" ఈ ప్రశ్న మాకు ఐదు రోజుల్లో ముప్పైసార్లన్నా ఎదురైంది. నేను హాయిగా కాళ్ళు చాపుకుని, మన పల్లెలున్నాయి చూడు, టౌన్లకేమన్నా బుద్ధి ఉందా, ఇట్లాంటి కట్ట ఒక్కటి ఉందా అని ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆ పిల్ల మాట్లాడకుండా నిలబడే ఉంది.

ఊరు దాటాక అంది: "చిన్నాయనా, ఆ కట్ట మీద ఒక్క ఆడమనిషన్నా ఉందా?" లేదు. "నువ్వు కూర్చోమన్నా నేనెందుకు కూర్చోలేదో అనుకున్నావా?" అనుకోలేదు, నిజం చెప్పాలంటే గమనించనే లేదు. ఆడవాళ్ళు కూర్చున్న చోట్లు ఆమె చూసిందట. బోరింగు దగ్గర, కొళాయి దగ్గర, బీడీలు చుట్టే ఇంటి గుమ్మంలో, ఎవరో ఒకరు పనితోనే ఉన్నారు, చేతిలో బిందో చేటో లేకుండా ఊరికే కూర్చున్న మనిషి కనపడలేదట. నా ఉపన్యాసం అక్కడితో ఆగిపోయింది. మైదుకూరు నాలుగు రోడ్ల దాకా ఇద్దరం ఎక్కువ మాట్లాడుకోలేదు.

మైదుకూరు చుట్టూ పసుపు చేలు, ఆకు పండుతోంది. లాడ్జిలో వేడినీళ్ళు దొరికాయి. నిద్ర.

ఐదో రోజు: కడప

ఖాజీపేట దాటి చెన్నూరు దగ్గర పెన్న. వంతెన మీద ఆగి చూస్తే నీళ్ళు తక్కువ, ఇసుక ఎక్కువ. ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట దగ్గర పెన్న నుంచే కడప వైపు కాలవకు నీళ్ళు మళ్ళుతాయి. కర్నూలు ఘాట్‌లో చూసిన నీళ్ళే ఇక్కడికి వచ్చాయా అంటే చెప్పలేం కానీ, మేం వచ్చాం కదా అనిపించింది. ఆ వంతెన మీద నడవడానికి వదిలిన పట్టీ సైకిల్ హ్యాండిల్ అంత వెడల్పు కూడా లేదు, ఫోటో తీద్దామని ఆగిన రెండు నిమిషాల్లో పది హారన్లు.

కడప ఊళ్ళో ఏడు రోడ్ల కూడలి. ఏడు వైపుల నుంచి బండ్లు వచ్చి కలిసేచోట నడిచేవాడు రోడ్డెట్లా దాటాలో చూద్దామని అరగంట నిలబడ్డాం. పద్ధతేమీ లేదు, చేయి చాపి దేవుడి మీద భారం వేసి నడవడమే. ఒక అవ్వ మనవడి చెయ్యి పట్టుకుని మూడుసార్లు అడుగేసి మూడుసార్లు వెనక్కి వచ్చింది. నాలుగోసారి మా పిల్ల సైకిల్ అడ్డం పెట్టి ఆటోలను ఆపి దాటించింది. ఒక ఆటో ఆయన తిట్టాడు, ఇంకో ఆయన ఆపి "పోమ్మా, పో" అన్నాడు.

మధ్యాహ్నం ఎర్రముక్కపల్లెలో సీపీ బ్రౌన్ గ్రంథాలయం. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ దొర ఇక్కడ బంగళా కొని, పండితులను కూర్చోబెట్టి తెలుగు తాళపత్ర గ్రంథాలకు ప్రతులు రాయించిన చోటది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి తిరిగి, చందాలు పోగుచేసి దాన్ని గ్రంథాలయంగా నిలబెట్టారు. ఫ్యాను కింద కుర్చీ, మంచినీళ్ళు, ఏం కావాలని అడిగే మనిషి. పోటీ పరీక్షలకు చదువుకుంటున్న ఆడపిల్లలు పుస్తకాలు ముందరేసుకుని బల్ల నిండా కూర్చున్నారు. ఒకమ్మాయి బల్ల మీద తల వాల్చి నిద్రపోతోంది, ఎవరూ లేపడం లేదు. మా పిల్ల నన్ను మోచేత్తో పొడిచి ఆ అమ్మాయిని చూపించింది. తర్వాత తనూ ఒక కుర్చీలో కూర్చుని, ఏ పుస్తకమూ తీసుకోకుండా, అట్లాగే గంటసేపు ఉండిపోయింది.

సాయంత్రం దేవుని కడప. తిరుమలకు పోయేవాళ్ళకు గడప అని పేరు. ఉగాది రోజు ముస్లింలు కూడా వచ్చి, బీబీ నాంచారి మా ఇంటి ఆడబిడ్డ అని స్వామికి మొక్కుకునే గుడి. అక్కణ్ణించి పెద్ద దర్గాకు పోతే అక్కడా అంతే, బొట్టు పెట్టుకున్నవాళ్ళు సగం మంది. ఆవరణలో పాలరాతి మీద కుటుంబాలు క్యారియర్లు విప్పుకుని తింటున్నాయి. ఆడవాళ్ళు గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని, చేతిలో ఏ పనీ లేకుండా, ఊరికే కూర్చుని ఉన్నారు. మా పిల్ల లెక్కపెట్టింది, ఇరవై ఏడు మంది. మొక్కు ఉంది కదా, ఆ నెపం ఉంటే కూర్చోనిస్తారు అంది. నేను వాదించలేదు ఈసారి.

రాత్రి బస్టాండు. సైకిళ్ళు బస్సు మీదికి ఎక్కించడానికి కండక్టరుతో బేరం. ఒక్కోదానికి లగేజీ టికెట్టు కొట్టి, తాడు మాత్రం మీదే అన్నాడు. తాడు కొనుక్కొచ్చి నేను పైకెక్కి కడుతుంటే మోకాలు కలుక్కుమంది, వదినకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. బస్సుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. స్టాండులో కుర్చీలన్నీ నిండిపోయి, మిగిలిన చోట సంచులు పరుచుకుని జనం పడుకున్నారు. బయట టీ కొట్టు బెంచీ మీద కూర్చుని రెండు టీలు చెప్పాం. ఆ పిల్ల నోట్‌బుక్ తీసి 24 వేసి, పేజీ కింద గీత గీసి కూడింది. ఐదు రోజులకు 412 రూపాయలు.

టీ ఆయన గ్లాసులు పెడుతూ తొంగి చూశాడు. "ఏం రాస్తాండావు పాపా, బాకీ ఏమన్నా ఉందా?"

"లేదన్నా, అద్దె."

ఆయనకు అర్థం కాలేదు. అయినా భుజం మీది గుడ్డ తీసి, మా పక్కన ఖాళీగా ఉన్న జాగా తుడిచి, బస్సు వెతుక్కుంటూ వచ్చిన ఇంకొకాయనను అక్కడ కూర్చోమన్నాడు.